వేడి చుక్కకు పక్కనుంచి బువ్వ

పంజాగుట్ట

నవీనకు తాత రాజనర్సయ్య రాసేది. దీవెనలు కోపం తగ్గినంక పంపుత.

బంగారమసొంటి నౌకరి ఇడిసిపెట్టి, చుక్కల మీద పరిశోధన అనుకుంట అమీర్‌పేట హాస్టల్ల కూసున్నవు. నీతోని మాట్లాడనని ఒట్టు పెట్టుకున్న, గందుకే ఫోన్ ఎత్తుత లేను. రాసుడు మాట్లాడుడు కాదు గద! నిన్న కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం మొత్తం తిరిగిన. చుక్కల కోర్సు ఒక్కకాడ సుత లేదు. ఆడ దొరకని సదువుకు నౌకరి యాడ దొరుకుతది?

ఇట్లు,
కోపంల ఉన్న తాత

తా.క.: ఒక సారు నన్ను డెమో క్లాసుల కూసోవెట్టిండు. ఏసీ మస్తుగుంది. రేపు సుత పోత.

*

అమీర్‌పేట

తాతా, దండాలు. కోపం తగ్గకున్నా తీసుకో.

నాయనమ్మ తెచ్చిన అన్నం డబ్బాల నీ ఉత్తరం దొరికింది. పప్పు అంటింది గానీ చదివిన.

నా సదువు ఇది. ఇంకా తయారైతున్న పెద్ద చుక్క మస్తు వేడి. చుట్టున్న ధూళినీ గ్యాసునూ దాని వెలుగే అవతలికి తోస్తది. అన్నిటినీ తోసేసేది మళ్ల ఎట్ల పెరుగుతది? దాని చుట్టూ పళ్లెం లెక్క ఒకటి తిరుగుతుంటది. వెలుగు మీదికీ కిందికీ పోతది, దాని మేతైన ధూళి, గ్యాసు ఆ పళ్లెం మీదికెల్లి పక్కనుంచి మెల్లగ లోపలికొస్తది.

ఆదివారం పంజాగుట్టల ఒక హాల్ల దీని గురించే నేను మాట్లాడాలె. అంత మంది ముందు ఇదే మొదటిసారి. నీ ముఖం కనపడకుంటే నాకు గొంతు లేవదు తాతా.

నీ నవీన

తా.క.: అది ఏం కోర్సు?

*

పంజాగుట్ట

నవీనకు,

సమజైంది. వేడిగున్నది నేను. అందరిని తోసేటోడు సుత నేనే. సక్కగ ముఖం మీద అనరాదు? చుక్క పేరు పెట్టి తాతను తిడతవా? ఆదివారం అందరి ముంగట గిదే చెప్తవా? నేను రాను.

ఇట్లు,
నీ వేడి చుక్క

తా.క.: కంప్యూటర్ కోర్సు. ముందట కూసుంటే నన్నే సారు అనుకొని ఇద్దరు దండం పెట్టిన్రు.

*

అమీర్‌పేట

అయ్యో తాతా,

ఆ చుక్క వెలుగు మన దాక రావడానికే వేల ఏండ్లు పడ్తది. నిన్ను తిట్టడానికి అంత దూరం పోవాల్నా? పైగా అది లేత చుక్క. నువ్వు లేతా?

జర రా తాతా. భయమైతుంది.

నవీన

తా.క.: ఇయ్యాల డబ్బాల కాకరకాయ వచ్చింది. నువ్వే పెట్టమన్నవు గద?

*

పంజాగుట్ట

బిడ్డా నవీనా,

దీవెనలు. ఇన్ని దినాలవి కలిపి పంపుతున్న.

నీ ఉత్తరాలు మీ నాయనమ్మ మంగవ్వకు చదివి, "నేను గా వేడి చుక్కనా?" అని అడిగిన. "కాదా మరి? నువ్వు గరమైన దినం ఎదురుంగ వస్తే కసురుతవు. గందుకే పక్కకెల్లొచ్చి పళ్లెం పెట్టిపోత. నువ్వు గోడ దిక్కు చూసుకుంట తింటవు" అన్నది. నా అసొంటోనికి సుత ఇంత బువ్వ అందుతున్నదంటే నీ సదువు నిజమే బిడ్డా.

ఆదివారం వస్త. పక్కకు కూసుంట. ఒట్టు ఒట్టే, మాట్లాడ.

ఇట్లు,
నీ తాత రాజనర్సయ్య

తా.క.: ఆఖర్ల ప్రశ్నలు అడగనిస్తరట గద. ప్రశ్న అడిగితే మాట్లాడినట్టు కాదని మంగవ్వ తీర్పు చెప్పింది. నేను అడిగేది ఒక్కటే, జవాబు తయారు పెట్టుకో: తిన్నవా బిడ్డా?