కడిగేసిన ఆట

మార్గళి నెల (ధనుర్మాసం), శుక్రవారం రాత్రి

కాలేజీలో కంప్యూటర్ చదివే మా గోమతి, చుక్కల ముగ్గునే ఫోన్ గేమ్‌గా చేయాలనుకొనింది. వేలు ఎత్తకుండా ఒకే గీతతో చుక్కలన్నీ చుట్టి రావాలి. నిన్న సాయంత్రమంతా వాకిట్లో చాక్‌పీసుతో ఆ గేమ్‌కు పన్నెండు ముగ్గుల ఆటలు గీసిపెట్టింది. వేకువన చీకట్లో అవి పాత ముగ్గులే అనుకొని నీళ్లు చల్లి ఊడ్చేసినాను.

"అమ్మా, అది ముగ్గు కాదమ్మా, నా ప్రాజెక్టు! ఈ పొద్దే మేడమ్‌కు చూపించాల!"

"ఫోటో తీసుకోలేదా, తల్లీ?"

"తెల్లారినాక వెలుతురులో తీద్దామనుకొంటిని."

మళ్లీ గీయబోతే మూడే గుర్తొచ్చినాయి. ఆ మూడే తీసుకొని కాలేజీకి పోతే, మేడమ్ వేరేవాళ్ల గేమ్‌ను ఎంచుకొనిందంట. "ఇంక నాకు ఏ గేమూ వద్దు" అని అన్నం తినకుండా పడుకొనేసింది.

నీళ్లు చల్లేటప్పుడు నా నోట్లో పెరుమాళ్ల పేరే ఉండింది. ఇప్పుడు ఆయన్ను ఏమని అడిగేది...