జెండా కంటే ముందు పడ్డ బ్రేకు

కరీంనగర్,
12 జూన్ 1962.

రాయమల్లు బావకు, కొండల్ నమస్కారాలు.

అక్క ఎలా ఉందని అడుగుతూ మొదలుపెట్టాలి. కానీ కడుపు మండిపోతోంది, ముందు అదే రాస్తాను. లారీ ప్రమాదం విచారణలో అందరి ముందు నువ్వన్న మాట చెవుల్లోంచి పోవడం లేదు. "నా తప్పేం లేదు సాబ్. మా బామ్మర్ది ఓవర్సీరు. గాయన కొలిచినంతనే పొదలు కొట్టిచ్చిండు." అంతే, బీడీ ముట్టించుకుంటూ బయటికి వెళ్లిపోయావు. నన్ను సస్పెండ్ చేశారు.

బెల్లంపల్లి రోడ్డు మలుపులో పొదలు ఎంత మేర కొట్టిస్తే డ్రైవరుకు ముందున్నది కనబడి, బండి ఆపగలడో తేల్చడానికే కదా నీ బొగ్గు లారీతో పరీక్ష పెట్టాను. నేను ఎర్రజెండా ఎత్తగానే లారీ ఉన్నచోట మేస్త్రీ సారయ్య సున్నం గుర్తు వేసేవాడు. అక్కడి నుంచి లారీ ఆగిన చోటికి టేపు పట్టేవాళ్లం. ఎన్నిసార్లు చేసినా టైర్ల గీతలు సున్నం దగ్గరే మొదలయ్యాయి. మా బావ కాలు ఎంత చురుకో అని మురిసిపోయాను. ఆ కొలతతోనే పొదలు కొట్టించాను.

అదే మలుపులో కంకర కొడుతున్న భూమవ్వ మీదికి నీ లారీయే వచ్చింది. పాపం, ఆమె కాలు విరిగింది. నేను వెళ్లి చూశాను. ఆమె నీకు కనబడిన చోటు నుంచి చాలా దూరం రోడ్డు మీద గీతే లేదు. కన్ను చూసి కాలు తొక్కేలోపు లారీ పరిగెత్తిన దూరం అది. ఎంతటి డ్రైవరుకైనా తప్పదు. మరి పరీక్ష రోజు ఆ దూరం ఏమైంది బావా? జెండా లేవకముందే బ్రేకు తొక్కావు. అయినవాడివని నమ్మితే నన్ను నిలువునా ముంచావు.

ఇట్లు,
కొండల్

బెల్లంపల్లి,
20 జూన్ 1962.

బామ్మర్ది కొండల్‌కు,

నీ ఉత్తరం చదివి మీ అక్క అనసూర్య నాతో మాట్లాడటం మానేసింది. ముందే తొక్కాను, నిజమే. ఆ రోజు మా సేటు పక్కనే కూర్చున్నాడు. జెండా లేచాక లారీ దూరం పోయి ఆగితే నా చెయ్యి మంచిది కాదని పనిలోంచి దింపేస్తాడని భయపడి, "జర చూసుకో బామ్మర్దీ" అన్నాను. నువ్వు నవ్వావు. తర్వాత జెండా ఎత్తే ముందు ప్రతిసారీ కళ్లద్దాలు పైకి తోసుకున్నావు. అయినవాడివి, నా కోసమే సైగ చేస్తున్నావనుకున్నాను. అది చూసే తొక్కాను. విచారణలో నీ కొలత సరైనదేనని నువ్వంటుంటే, సైగ చేసి ఇప్పుడు తప్పంతా నా మీదికి తోస్తున్నావని ఒళ్లు మండి అలా అన్నాను.

చివరికి మీ అక్క నోరు విప్పింది. "అద్దాలు పెట్టుకున్న కాణ్నుంచి వానికి గదే అలవాటు. ఏ పని షురూ జేసినా పైకి తోసుకుంటడు. గది సైగనా?"

పెద్ద ఇంజనీరు దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. సేటు నన్ను దింపేశాడు. అయినా మళ్లీ కొలిచేటప్పుడు లారీ నన్నే నడపమన్నారు ఇంజనీరుగారు. జెండా మాత్రం మన చుట్టాలెవరూ పట్టొద్దట. మంచం మీదున్న భూమవ్వ, "నన్ను ఆడ కూసోవెట్టుండ్రి, జెండా నేను పట్టుకుంట" అందట. మొన్న చూడబోతే గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె నా మొహం చూడదు. ఇక నాకు ముందుగా ఏ సైగా అందదు.

నీ బావ,
రాయమల్లు