సీలు తెగకుండా పెరిగిన గ్యాసు

పరీక్షల అధికారి గొండ్వే గారికి,

మీరు ఒక పిల్ల చదువును తొక్కిపెట్టారు. కాపీ కొట్టిందంటూ మా విద్యార్థిని లుసుంగు ఫలితాన్ని ఆపేశారు. శుక్రవారంతో నర్సింగ్ కాలేజీ ప్రవేశాలు ముగుస్తాయి. ఆమె చేసిన నేరమల్లా సరైన జవాబు రాయడం. మూసిన పాత్రలో నైట్రోజన్ టెట్రాక్సైడ్ ఒక మోల్. సమతాస్థితిలో ఇరవై శాతం విడిపోతుంది, విడిపోయిన ప్రతి అణువూ రెండవుతుంది. మిగిలింది 0.8, పుట్టింది 0.4. మొత్తం 1.2 మోల్స్. మీ జవాబుల 'కీ'లో 1 అని ఎవరు రాశారు?

కోపంతో,
తమాండ మ్సోవోయా, కెమిస్ట్రీ టీచర్, రుంఫి

తా.క. కూడిక రాకపోతే చెప్పండి, రెండో తరగతి పిల్లల్ని పంపుతాను.

•

మేడమ్ గారికి,

ఇరవై రెండేళ్లుగా ప్రశ్నపత్రాల సీళ్లు చూస్తున్నాను. సీలు వేసిన కట్టలో వంద పెడితే నూట ఇరవై వచ్చాయంటే దాన్ని లీకేజీ అంటారు. మీ పాత్ర మూత ఎవరు తీశారు? సాక్షులెవరు?

విధేయుడు,
గొండ్వే

తా.క. ఇదే 1.2 ఇంకో 213 మంది రాశారు. ముఠా పెద్దదే.

•

గొండ్వే గారూ,

రెండువందల పైచిలుకు పిల్లలు ఒకే నిజం రాస్తే మీకు ముఠా కనబడిందా? పేదపిల్లకు లెక్క వస్తే దొంగతనమేనా? అదే గ్యాసున్న గాజుగొట్టం బస్సులో పంపుతున్నాను. రెండు చివరలూ కరిగించి మూసినవి. తూచండి. వేడినీళ్లలో ఉంచి చూసి, తుడిచి మళ్లీ తూచండి.

ఇంకా కోపంతోనే,
తమాండ

తా.క. పగిలితే పీల్చకండి. మీరు పోతే ఫలితాలు ఇంకా ఆలస్యమవుతాయి.

•

మ్సోవోయా మేడమ్,

సీలు నేనే భూతద్దంతో చూశాను. లోపం లేదు. టీకి పెట్టిన వేడినీళ్లలో గొట్టం దించాను. లేతపసుపు గ్యాసు మెల్లగా ఎర్రమట్టి రంగుకు తిరిగింది. "లోపల ఎవరు పోశారు సార్?" అంది టైపిస్టు టొవేరా. చన్నీళ్లలో పెడితే మళ్లీ పాలిపోయింది. తూకం వెంట్రుకవాసి కూడా మారలేదు.

ఆఫీసంతా గొట్టం చుట్టూ చేరాం. ఏదీ లోపలికి పోలేదు, బయటికి రాలేదు. లోపల మాత్రం కంటికి కనబడనివి లెక్కలేనన్ని విడిపోతూ, కలుస్తూ ఉన్నాయి. ఎంత భాగం విడిపోతే మొత్తం ఎంతవుతుందో ఆ పిల్ల బెంచీ మీద కూర్చుని చెప్పేసింది. నేను జన్మంతా సీలు బయటివైపే చూశాను.

ఫిర్యాదు ఉంటేనే ఇక్కడ ఫైలు కదులుతుంది. మీ ఉత్తరాల్లో తిట్లున్నాయి గానీ డిమాండ్లు లేవు.

మీ,
గొండ్వే

తా.క. అందుకని నేనే రాశాను. సంతకం పెట్టి రేపటి బస్సుకు పంపండి:

1. 'కీ' దిద్దాలి.
2. లుసుంగు ఫలితం గురువారానికి కాలేజీకి చేరాలి.
3. మిగతా 213 మంది ఫలితాలు వెంటనే వదలాలి.
4. పిల్లలను ముఠా అన్న అధికారి గొండ్వే వాళ్లందరికీ రాతపూర్వకంగా క్షమాపణ చెప్పాలి.