నవలలో చనిపోయిన అక్క

చిరంజీవి తమ్ముడికి అక్క దీవెనలు. ఇక్కడ నేను కులాసా. మోకాళ్ళు తప్ప ఒంట్లో మిగతావన్నీ మాట వింటున్నాయి. మరదలికి జ్వరం తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది.

నీ నవల మళ్ళీ అచ్చవుతోందనీ, "నిన్ను అందులో చంపేసినందుకు కోపమా అక్కా?" అనీ అడిగావు. ఇన్నేళ్ళకా అడగడం! కోపమెందుకురా? అమ్మానాన్నా పోయాక మనమిద్దరం బతికిన ఆ ఒంటిగదిని కళ్ళకు కట్టినట్టు రాశావు. నా కుట్టుమిషను చప్పుడు ఆగితే నీకు మెలకువ వచ్చేదట. ఆ సంగతి పుస్తకం చదివేదాకా నాకే తెలియదు. పొట్టిలాగు చూసి బడిలో నవ్వారని నామీద విరుచుకుపడ్డ రోజును కూడా దాచుకోలేదు. అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందిరా నీకు? ఆ అక్క టైఫాయిడ్‌తో పోయినచోట నేనూ ముక్కు చీదుకుంటూ ఏడ్చాను.

ఇక నీకు చెప్పాలా వద్దా అని తటపటాయిస్తున్న మాట. పోయిన వానాకాలంలో, పుస్తకాలు బైండు చేసే ఆయన ఒకరు చొక్కా కుట్టించుకోవడానికి వచ్చారు. భార్య పోయి చాలాకాలమైంది. నా బల్లమీద నీ పుస్తకం చూసి, "లైబ్రరీవాళ్ళు దీన్ని బైండుకి ఇచ్చారండీ. అక్క చనిపోయే పేజీలు చదివి ఆ పూట పని మానేశాను," అన్నారు.

"ఆ అక్కను నేనే. చేతులు చాపండి, కొలతలు తీసుకోవాలి," అన్నాను.

టేపు తీసేసినా ఆయన చేతులు దించలేదు. "బతికే ఉన్నారా!" అని నవ్వారు, కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తరవాత ఆయన చొక్కాలకు గుండీలు తెగ ఊడిపోవడం మొదలైంది. "మీరే తెంపుకుంటున్నారు కదూ?" అని ఒకరోజు నిలదీశాను.

"అవునండీ. ఇంకే వంకా దొరకలేదు," అన్నారు.

తమ్ముడూ, మేం పెళ్ళి చేసుకుందామనుకుంటున్నాం. ఈ వయసులో ఇదేం బుద్ధి అని వీధిలో గుసగుసలు. అవి నాకు లెక్కలేదు, నీ మాటే లెక్క. నీ చదువయ్యేదాకా పెళ్ళి వద్దనుకున్నాను. ఆ తరవాత ఎవరూ అడగలేదు, నేనూ ఆశపడలేదు. ఇప్పుడు ఆశగా ఉంది.

నవలలో మాత్రం ఒక్క అక్షరం మార్చకు. ఆ అక్క పోయాకే కదా ఆ పిల్లాడు మనిషయ్యాడు! ఎంత బాగా రాశావురా.

రిజిస్ట్రారు ఆఫీసులో నా తరఫున సాక్షి సంతకం నువ్వే చెయ్యాలి. నీ చొక్కాకి గుడ్డ తెచ్చి ఉంచాను. ఎంత లావయ్యావో కళ్ళారా చూస్తేగాని కత్తెర పెట్టను.

ఇట్లు,
నీ రాకకోసం చూస్తూ,
అక్క