ప్రెసిడెంటు పోటీకి ఇరవై సంతకాలు

సిరిసిల్ల,
15-6-1997

ప్రియమైన బిడ్డ సరోజనకు, బాపు ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. మీ అవ్వకు మోకాళ్లు పనిచేయడం లేదు గాని నోరు బాగానే పనిచేస్తోంది. నువ్వు జగిత్యాలలో వకీలు దగ్గర కాయితాలు టైపు చేస్తావు కాబట్టి నీతో ఒక పని పడింది.

ఆగస్టులో మన నేత సంఘానికి ప్రెసిడెంటు ఎన్నిక. ఇన్నాళ్లూ ఇద్దరు సభ్యులు పేరు ప్రతిపాదిస్తే చాలు. పోటీ చేసేవాడు అందరి ఎదుట కూర్చుని తెగిన పోగులు పదకొండు అతికి చూపించాలి. అది తాతల నాటి పద్ధతి, ఉండనీ. కాని అదొక్కటే చాలదు. పేపర్లో చూశావు కదా, రాష్ట్రపతి పోటీకే నియమం బిగించారు. పది మంది ప్రతిపాదించేచోట ఇప్పుడు యాభై మంది కావాలట. మనమూ బిగిద్దాం. ఇరవై మంది సంతకాలు ఉండాలి. పోలీసు కేసు ఉన్నవాడు పోటీకి పనికిరాడు. ఈ రెండు ముక్కలూ చట్టం భాషలో రాసి పంపు.

ఈసారి తాను నిలబడతానని నీ తమ్ముడు పరశురాములు పట్టుబట్టాడు. ఇరవై ఆరేళ్లు వచ్చాయి, ఏం చెప్పినా చెవికెక్కదు. నేనే మళ్లీ నిలబడతాను.

నీ ఉత్తరం కోసం చూసే
మీ బాపు, రాజనర్సు

జగిత్యాల,
24-6-1997

ప్రియమైన బాపుకు, సరోజన నమస్కారాలు.

మేము బాగున్నాము. మీ అల్లుడు రోజూ కోరుట్ల బడికి బస్సులో పోయి వస్తున్నారు. తనిఖీలని దారిలో రెండుసార్లు దింపుతున్నారట. ఇల్లు చేరేదాకా నా ప్రాణం కుదుటపడదు.

నువ్వు అడిగినట్టే రాసి పంపుతున్నాను, ఒప్పుకుని మాత్రం కాదు. ఇరవై సంతకాలంటే సరే. రెండో నియమం వద్దు బాపూ. మన జిల్లాలో కేసు పడటానికి తప్పు చేయాలా? ధర్మపురి బస్సులో పక్కన కూర్చున్నది ఎవరో తెలియక కేసులో ఇరుక్కున్న రైతు నిన్ననే మా వకీలు దగ్గర ఏడ్చాడు. ఆ నియమం పెడితే ప్రెసిడెంటును ఎన్నుకునేది సభ్యులు కాదు, ఎస్సై. గిట్టనివాడి మీద ఒక్క కాయితం రాసి ఇస్తే చాలు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా?

తమ్ముడంటే కార్మికులకు నమ్మకం. ప్రెసిడెంటుగా ఉన్న రాజమౌళి పెదబాపును నక్సలైటు అన్నలు చంపాక ఆ కుర్చీ వైపు చూడటానికే అందరూ భయపడ్డారు. అప్పుడు నువ్వు ముందుకొచ్చి కూర్చున్నావు. మూడేళ్లయింది. ఇప్పుడు దిగడానికి మనసొప్పడం లేదా? కోపం తెచ్చుకోకు, అడగాలనిపించింది.

అవ్వను మందులు మరవొద్దని చెప్పు.
నీ బిడ్డ, సరోజన

సిరిసిల్ల,
20-7-1997

ప్రియమైన సరోజనకు,

నీ ఉత్తరం అందింది. నా కుర్చీ సంగతి నాకు వదిలెయ్. సభలో రెండు నియమాలూ గెలిచాయి.

ఇంకో సంగతి. పోయిన మంగళవారం పరశురాములు మీద కేసు పడింది. సంఘం తాళం పగలగొట్టాడని, అడ్డొచ్చిన కావలి మనిషి జలపతిని కొట్టాడని ఫిర్యాదు. రెండు రోజులకు బెయిలు మీద వదిలారు. ప్రతి సోమవారం స్టేషన్‌కు వెళ్లి సంతకం పెట్టాలి. చిన్న కేసే, ఏడాదిలో పోతుంది. పోటీకి మాత్రం వాడు లేనట్టే.

నువ్వు బయలుదేరి రావద్దు. మీ వకీలును ఇందులోకి లాగవద్దు. అంతా నేను చూసుకుంటాను.

మీ బాపు

జగిత్యాల,
10-8-1997

బాపుకు,

ప్రియమైన అని రాయడానికి చేయి రాలేదు.

నువ్వు వద్దన్నా వకీలుతో చెప్పి ఫిర్యాదు నకలు తెప్పించాను. కింద ఉన్నది జలపతి వేలిముద్ర. పైన ఉన్న రాత నీది. నా చేయి పట్టుకుని పలక మీద దిద్దించిన అక్షరాలు బాపూ, నేను గుర్తుపట్టనా? కన్నకొడుకును లాకప్పులో పెట్టించేంత మోజా ఆ కుర్చీ మీద?

అదొక్కటే అయితే నిన్ను తిట్టి ఊరుకునేదాన్ని. నిన్న తమ్ముడు వచ్చాడు. అన్నం కలిపి పెట్టుకుని తినలేకపోయాడు. శుక్రవారం వాడి మగ్గం మీద చీటీ ఉందట, తెచ్చి చూపించాడు. 'ప్రతి సోమవారం స్టేషన్‌లో ఏం చెబుతున్నావో ప్రజలకు జవాబు చెప్పాలి. గడువు పది రోజులు.' కింద దళం పేరు.

ఆ చీటీ సంగతి నీకు చెప్పాడా అని అడిగాను.

"బాపుకు చెప్పకక్కా. ఆయన పానం మంచిగ లేదు, బుగులు పడ్తడు."

రాత ఎవరిదో వాడికి తెలియదు. నేను చెప్పలేదు. సోమవారం పోకపోతే పోలీసులు, పోతే అన్నలు. వాణ్ణి పొమ్మననా, వద్దననా? నువ్వే చెప్పు. గడువు పద్దెనిమిదితో అయిపోతుంది.

సరోజన

సిరిసిల్ల,
17-8-1997, ఆదివారం

ప్రియమైన బిడ్డ సరోజనకు,

నువ్వు రాయలేకపోయిన మాట నేను రాస్తున్నాను. ఆ రాత నాదే.

కుర్చీ మీద మోజు కాదు బిడ్డా. పోలీసులు పట్టుకుపోయిన ఇద్దరు కార్మికులను విడిపించడానికి రాజమౌళి మూడుసార్లు స్టేషన్‌కు తిరిగాడు. దానికే అన్నలు ఇన్‌ఫార్మర్ అని పేరుపెట్టి కోనరావుపేట దారిలో చంపారు. ప్రెసిడెంటు అయినవాడికి స్టేషన్ గడప తప్పదు. మూడేళ్లు ఇల్లు కదిలిన ప్రతిసారీ మీ అవ్వ మొహం ఒకసారి చూసుకుని బయలుదేరాను. నా కొడుకు అందులో కూర్చోకూడదనుకున్నాను. భయమని చెబితే వాడు ఇంకా ముందుకు ఉరుకుతాడు. అందుకే ఆ నియమం, అది వాడికి తగలడానికే ఈ కేసు. స్టేషన్ గడప తొక్కకుండా చేద్దామని వారం వారం తొక్కించాను. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చింది నేనే.

జలపతి ఆ రోజే చెప్పాడు, "చిన్నోన్ని ఎత్తుకొని తిప్పిన అన్నా, నాతోని గీ పని చేయించకు" అని. వేలు పట్టుకుని ముద్ర వేయించాను.

ఈ ఉదయం పోటీదారుల సభ. ముందు నేనే పోగులు అతకడానికి కూర్చున్నాను. ఏడు అతికాను, ఎనిమిదోది దొరకలేదు. లేచి నిలబడి జరిగింది మొత్తం చెప్పాను, చీటీ సంగతితో సహా. రెండు వందల మంది విన్నారు. ఈ ఊళ్లో మాట అడవిలోని అన్నలకు చేరడానికి ఒక్క పూట చాలు, చేరాలనే చెప్పాను. జలపతి చేతులు పట్టుకుని క్షమించమన్నాను. మీ తమ్ముడి వైపు చూసే ధైర్యం రాలేదు. వాడే దగ్గరికి వచ్చాడు.

"గింత బుగులున్నోనివి, మూడేండ్లు ఎట్ల కూసున్నవ్ బాపూ?"

నేను పక్కకు జరిగాను. వాడు నా జాగాలో కూర్చుని నేను వదిలిన నాలుగు పోగులూ అతికాడు. తర్వాత తన పదకొండు అతికాడు. ఒక్కటీ జారలేదు. కేసు నియమం కొట్టేయమని నేనే అడిగాను, చేతులన్నీ లేచాయి. ఇరవై సంతకాల నియమం ఉంచారు. వాడి పేరు రాసిన కాయితం, ఇంకా ఎవరూ సంతకం పెట్టకుండానే, చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. నాకు ఇప్పటికీ భయమే సరోజనా, అబద్ధమెందుకు. ఫిర్యాదు రాసిన చేత్తోనే దాని మీద సంతకం పెట్టాను. ఇరవైలో మొదటిది నాది.

రేపు సోమవారం. వాడితో పాటు నేనూ స్టేషన్‌కు పోతున్నాను. కేసు అబద్ధమని, రాసింది నేనేనని రాసి ఇస్తాను. నన్ను లోపల పెడతారేమో. అన్నలు అడగాల్సింది ఏమన్నా ఉంటే ఇక నన్నే అడగాలి. మీ అవ్వకు అంతా చెప్పాను, రెండు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. వీలైతే మీ వకీలును పంపు, ఈసారి వద్దనను.

ఇక ప్రెసిడెంటు కాని
మీ బాపు, రాజనర్సు