భోగ్‌లో పలకని పేరు

చిరంజీవి తమ్ముడు కోటేష్‌కు,

సేవాలాల్ దయవల్ల తండాలో అందరం తింటున్నాం, తిరుగుతున్నాం. నువ్వూ పిల్లలూ ఢిల్లీలో చల్లగా ఉండాలి.

యాడి మోకాలు ఎలా ఉందని అడిగావు. దవాఖానా మందు పనిచేసింది. మొన్న అమ్మ తనే నడిచి చేనుకు పోయింది.

వ్యాపార పెద్దల పత్రికలో పడిన నీ వ్యాసం చదివించావా అనీ అడిగావు. లాలు కూతురు సంగీత చదివి తెలుగులో చెప్పింది. కంపెనీల వాళ్లకు ఎదురు నిలిచి అడవి ఎవరిదని అడిగావు. అంతవరకు సంతోషపడ్డాను. ఆ తర్వాత సోమ్లి చిన్నమ్మ పోడు గురించి రాశావు. మన తండా పదేళ్ల కింద చట్టాన్ని ధిక్కరించి, అడవిని కొత్తగా నరికి ఆక్రమించుకుందని.

కొత్తగా ఏంది, తమ్ముడూ? అది తాతల నాటి చేను. మన్ను అలసిందని కొన్నేళ్లు బీడు పెట్టాం. తుప్ప పెరిగితే మళ్లీ కొట్టాం. సెలవుకు వచ్చి నువ్వూ ఆ తుప్ప మోశావు. బీడంటే నీకు తెలియదా? తెలుసు. బీడు దున్నారని రాస్తే అందులో తెగువ కనబడదు, ఆ పెద్దలు చప్పట్లు కొట్టరు.

2005కు ముందు నుంచి దున్నుతున్న పోడుకే పట్టా. పోయిన నెల అటవీ ఆఫీసరు నీ వ్యాసం పట్టుకొని వచ్చాడు.

"మీ కోటేష్ సారే రాసిండు, కొత్తగా నరికిన్రని. ఇంక పట్టా ఎట్లొస్తది?"

చిన్నమ్మ ఊరుకోలేదు. "ఆ పోరడు పుట్టకముందే ఆ చేన్ల జొన్నలు కోసిన, సారూ. వాడు పుస్తకంల రాస్తే నేను దొంగనైతనా?"

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. చిన్నమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఒక మాట ఇంతసేపూ ఆపాను. బాపు పోయినప్పటి నుంచి సేవాలాల్ జయంతి భోగ్‌లో నిప్పుల్లో నెయ్యి, బెల్లం వేసి ఇంట్లో అందరి పేర్లూ నేనే పలుకుతున్నాను. ఈసారి నీ పేరు పలకలేదు.

"చిన్నోణ్ణి మర్చినవా, బిడ్డా?" అంది యాడి.

"లేదు యాడీ, మర్వలే."

వచ్చే సోమవారం చిన్నమ్మ పట్టా మీద గ్రామసభ. నా తమ్ముడు రాసింది అబద్ధమని లేచి చెబుతాను. నువ్వే వచ్చి చెబితే కూర్చుంటాను. చెప్పింది ఆ పత్రికలోనూ రాయాలి.

భోగ్ నెయ్యి కొంచెం మిగిల్చాను. సభ అయ్యాక మళ్లీ నిప్పు చేస్తాను, నువ్వు వస్తే.

ఇట్లు,
నిన్ను చంకనెత్తుకొని తిరిగిన పెద్దక్క
చాంది