బ్రేకు లేని బెంచీ

ఏప్రిల్ 3, గురువారం
ఈ రోజు నుంచి నోరు మూసుకుంటాను. మాట తప్పకుండా రాసి పెడుతున్నాను.

కారణం మా అమ్మాయి. వచ్చే నెల కాన్పు. నిన్న ఫోన్లో తెగేసి చెప్పింది: "నువ్వు రావద్దమ్మా. నువ్వొస్తే నాకు బీపీ వస్తుంది. ప్రతిదానికీ ఓ సలహా. చూస్తూ ఊరుకోవడం చేతనైతే అప్పుడు రా."

నేను డ్రైవింగ్ నేర్పేదాన్ని. పక్క సీట్లో నా కాలి కింద ఇంకో బ్రేకు ఉంటుంది. నేను చూస్తూ ఊరుకుంటే జనం గోడల్లోకి వెళ్లిపోతారు. అయినా సరే, బిడ్డ పుట్టే వేళకి నేనక్కడ ఉండి తీరాలి.

ఉపాయం దొరికింది. ఊరి చివర చిత్తడి నేల, పక్షులు గూళ్లు పెట్టే రోజులు. రోజూ పొద్దున్నే బెంచీ మీద కూర్చుని ఒక గూటిని చూడాలి. మాటల్లేవు, సలహాల్లేవు. బైనాక్యులర్స్ కొన్నాను. టోపీ కూడా.

మా ఆయన "కొంగజపమా?" అన్నారు. జవాబివ్వలేదు. మొదటి విజయం!

ఏప్రిల్ 4
అద్భుతం. తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే పక్షి. జకానా అట, బెంచీ పక్క బోర్డు మీద ఉంది. తేలే ఆకుల మీదే నాలుగు గుడ్లు. చాలాసేపు చూశాను, పెదవి కదపలేదు. ప్రశాంతత అంటే ఇదే కాబోలు.

ఏప్రిల్ 6
గూడు పెట్టిన చోటు బాగాలేదు. కాస్త ఎడమకి జరిగితే రెల్లు చాటు ఉంది. నేనేమీ అనలేదు. మనసులో అనుకున్నవి లెక్కలోకి రావు.

ఏప్రిల్ 9
గుడ్లు ఎండలో వదిలేసి తిండికి పోయింది. "తొందరగా రా తల్లీ" అన్నాను. మెల్లగానే. పక్షికి భాష రాదు కదా, ఇదీ లెక్కలోకి రాదు.

ఏప్రిల్ 12
వాన. వెళ్లలేదు.

ఏప్రిల్ 13
వాన లేదు. నేల తడిగా ఉంటుందని వెళ్లలేదు.

ఏప్రిల్ 15
నీటిపాము గూటి వైపు వచ్చింది. నా కుడికాలు దానంతటదే బ్రేకు తొక్కింది. మోకాలి దాకా బురద. కాలు వచ్చింది, బూటు రాలేదు. పాము దాని దారిన అది పోయింది. నోరు మాత్రం మెదపలేదని మనవి.

ఏప్రిల్ 17
మా ఆయన పక్షుల పుస్తకం తెచ్చి గట్టిగా చదివారు. జకానాల్లో గుడ్లు పొదిగేది తండ్రట. తల్లి గుడ్లు పెట్టేసి చక్కా పోతుందట. ఇన్నాళ్లూ నేను "తల్లీ, నడుము జాగ్రత్త" అని చెప్పింది ఒక మగాడికి.

"ఆ తల్లి చూడు, ఎవరికీ సలహాలివ్వదు" అని పొలమారేదాకా నవ్వారు. సాయంత్రం దాకా ఆయనతో మాట్లాడలేదు. ఇదీ మౌనం ఖాతాలోనే వేసుకుంటున్నాను.

ఏప్రిల్ 20, ఆదివారం
అమ్మాయి పరీక్ష పెట్టడానికి వచ్చింది. వాళ్ల నాన్న బూటు సంగతితో సహా అన్నీ చెప్పేశారు. పొట్ట పట్టుకుని బెంచీ మీద నా పక్కన కూర్చుంది. "చూస్తా నీ మౌనం" అంది.

తండ్రిపక్షి మేతకి వెళ్లింది. కాకి వచ్చింది. ఓ గెంతు, ఇంకో గెంతు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. గుడ్లు పోతే పోయాయి, మనవడో మనవరాలో కావాలి నాకు. కాకి ముక్కు వంచింది.

"హేయ్, పో అవతలికి!"

కేక నాది కాదు. అమ్మాయి లేచి నిలబడి చెప్పు విసిరింది. కాకి ఎగిరిపోయింది. గుడ్లు నాలుగూ ఉన్నాయి. చెప్పు తామరాకుల్లో తేలుతోంది.

అమ్మాయి నా వైపు తిరిగింది. "ఎలా చూస్తూ ఊరుకున్నావమ్మా?" అంది.

"నువ్వే కదా ఊరుకోమన్నావు."

అది ఏడ్చేసింది. "నాకు భయంగా ఉందమ్మా. రేపే వచ్చేయ్."

నా గుండె నీరైపోయింది. నోరు కూడా తెరుచుకుంది. అలా ఒక్కసారిగా లేవకూడదని, నీళ్లు బాగా తాగాలని, ఎడమవైపు తిరిగి పడుకోవాలని ఇంటిదాకా చెబుతూనే ఉన్నాను.

ఏప్రిల్ 21
అమ్మాయి ఇంట్లో ఉన్నాను. ఈ రోజు నుంచి నోరు మూసుకుంటాను.

అల్లుడు ఉయ్యాల కిటికీ పక్కన పెట్టాడు. గాలి నేరుగా బిడ్డకి కొడుతుంది. నేనేమీ అనలేదు. వాళ్లిద్దరూ డాక్టరు దగ్గరికి వెళ్లాక నేనే జరిపాను.

అమ్మాయి తిరిగొచ్చి ఉయ్యాల వంక చూసింది, నా వంక చూసింది. ఏమీ అనలేదు. ఊరుకోవడం దానికి బాగానే చేతనైంది. నేను రేపటి నుంచి.